పుష్కరానికీ దశాబ్దానికీ మధ్య

ఈమధ్య మన నవలల్లో ఆడవాళ్ళు మాట్లాడే తీరు చూస్తుంటే నాకు ఆశ్చర్యంగా ఉంటోంది. పొయ్యి దగ్గర పోపు వేస్తూ ఒక ఇల్లాలు మొగుడితో అంటుందీ - "రెండు దశాబ్దాల మన దాంపత్యంలో మీరు నన్నొక్కసారైనా అర్థం చేసుకున్నారా?" అని. పోపు మాడిపోదూ! నిజంగా అంత బాధ ఉన్న మనిషి "మీ ఇంటికొచ్చి ఇరవై ఏళ్ళయింది" అని ఊరుకుంటుంది. ఆ పైన మాట గొంతు దాటదు. ఇరవై ఏళ్ళన్నప్పుడు అందులో ఒక్కొక్క ఏడూ వినిపిస్తుంది. రెండు దశాబ్దాలనగానే అది ఏదో సహకార సంఘం వార్షిక నివేదికలా తయారవుతుంది.

ఈ దశాబ్దం మన వంటింట్లోకి ఎలా వచ్చిందండీ అంటే, "ఇంగ్లీషు ప్రభావం" అంటారు. పాపం, ఇంగ్లీషువాళ్ళ మీద అది వట్టి నింద. డెకేడ్ అన్న మాటకు మూలం గ్రీకు. పదింటి గుంపు అని అసలర్థం. రోమన్ చరిత్రకారుడు లివీ పుస్తకాలను పదేసి చొప్పున కట్టి, ఒక్కొక్క కట్టనూ ఆ పేరుతోనే పిలిచేవారు. పదేళ్ళ కాలం అన్న అర్థం స్థిరపడ్డాక కూడా, ఇంగ్లీషు ఇల్లాలు ఆ మాటను అంకెతో కలిపి అంతగా వాడదు. ఈ ఇంట్లో ఎన్నాళ్ళుగా ఉంటున్నావమ్మా అంటే "ట్వంటీ ఇయర్స్" అంటుంది. "టూ డెకేడ్స్" అనేది పత్రికల సంపాదకీయాలకూ, పదవీ విరమణ సభల్లో ఉపన్యాసాలకూ. లెక్క పెట్టలేనన్ని ఏళ్ళని చెప్పాలనుకున్నప్పుడు మాత్రం అంకె లేకుండా "డెకేడ్స్" అని సాగదీస్తుంది. అంటే మనం తెచ్చుకున్నది ఇంగ్లీషు కాదు, ఇంగ్లీషు పేపరు. ఆ పేపరు భాష తీసుకొచ్చి మన కథానాయిక నోట్లో కుక్కాం.

వాళ్ళ మామూలు మాటలు వేరే ఉన్నాయి. చాన్నాళ్ళకు కనిపించిన స్నేహితురాలితో "ఏజెస్" అయిందంటారు, యుగాలైందన్నమాట. ఇంకా సరదాగా "డాంకీస్ ఇయర్స్" అంటారు. గాడిద ఏళ్ళేమిటా అని కంగారు పడకండి. గాడిద చెవులు పొడుగు కదా! చెవులకూ ఏళ్ళకూ వాళ్ళ భాషలో పలుకుబడి దగ్గర. పొడుగాటి చెవులు కాస్తా పొడుగాటి ఏళ్ళయ్యాయి. తెలుగులో రాస్తే రెండూ "ఇయర్స్" కనుక ఈ చమత్కారం మనకు ఇంకా సులువుగా అర్థమవుతుంది.

మా లింగాల ఘనపూర్ వైపు ఇదే సందర్భంలో ఏమంటారో తెలుసా? "జమానా అయింది బిడ్డా, నిన్ను జూడక!" అంటారు. ఉర్దూ మాటే, కానీ మా అవ్వల నోట్లో పడి ఎంత తెలుగైపోయిందో! ఏజెస్‌కు ఇంతకంటే మంచి అనువాదం ఏ నిఘంటువులోనూ నాకు దొరకలేదు.

ఇంకో తమాషా. ఇంగ్లీషులో ఇరవైకి "స్కోర్" అని పాత మాట ఒకటుండేది. 1863లో లింకన్ గెటిస్‌బర్గ్‌లో మాట్లాడుతూ ఎనభై ఏడేళ్ళను ఆ ఇరవైల లెక్కలోనే చెప్పాడు. ఇవాళ అక్కడ ఎవరూ ఆ లెక్కన వయసు చెప్పరు. మా దగ్గర చదువురాని ముసలమ్మల్ని వయసడగండి: "మూడిర్వైల మీద పది" అంటారు. లింకన్ అంతటివాడి లెక్క మా అవ్వల దగ్గర చెల్లుబాటవుతూంటే మనకది మోటుగా కనిపిస్తోంది!

వ్యాకరణం సంగతి కూడా చూద్దాం. "ఐ యామ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్" అంటే మాస్టార్లు ఎర్రసిరాతో కొట్టేస్తారు. ఇంగ్లీషు లెక్కన ఆ కొట్టివేత న్యాయమే. వాళ్ళకు మొదలైన చోటికి ఒక మాట, గడిచిన మేరకు ఇంకో మాట. పెళ్ళయిన రోజుకు "సిన్స్", ఆ తర్వాత గడిచిన ఇరవై ఏళ్ళకు "ఫర్". మనకు రెంటికీ ఒకటే "నుంచి". మా ఊళ్ళో అయితే "సంది". "పెండ్లయినకాడి సంది", "ఇరువై ఏండ్ల సంది". అమెరికాలో ఉన్న మన పిల్లల ఇంగ్లీషులోకి కూడా ఈ "సంది" జొరబడుతూనే ఉంటుంది. తప్పు తప్పే అనుకోండి. కానీ ఆ తప్పు వెనక తెలివితక్కువ లేదు, తెలుగుంది.

అన్నట్టు, మనకు కాలాన్ని కొలవడానికి సొంత గిన్నెలే లేవా? పదేళ్ళ గిన్నె కాదు మనది, పన్నెండేళ్ళది. గురుగ్రహం పన్నెండు రాశులూ చుట్టి రావడానికి సుమారు పన్నెండేళ్ళు. అదే పుష్కరం. గోదావరికి 2003లో వచ్చింది, మళ్ళీ 2015లో వచ్చింది. "పుష్కరమైంది పుట్టింటికి పోయి" అన్న ఆడపడుచు మాటలో నీళ్ళు కూడా ఉన్నాయి - గోదావరివీ, కంటివీ. అయిదు పుష్కరాలైతే ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై ఏళ్ళూ తిరిగి షష్టిపూర్తి. మా ఓరుగల్లు ప్రాంతం వాళ్ళకు ఇంకా చిన్న గిన్నె ఉంది. మేడారం సమ్మక్క జాతర రెండేళ్ళకొకసారి. "రెండు జాతర్ల కింద" అంటే నాలుగేళ్ళ కిందటన్న మాట.

ఇదంతా సరదా కబురు కాదని చెప్పడానికే ఈ వ్యాసం. మా వైపు ఒక పెద్దవ్వ పింఛను కాగితం పట్టుకుని ఆఫీసుకెళ్ళిందనుకోండి. "ఏ సంవత్సరంలో పుట్టావ్?" అంటాడు అక్కడి మనిషి. ఆమెకు ఆ అంకె తెలీదు. "పోలీసు యాక్షనప్పుడు పాలు తాగే పిల్లనట. అరవై తొమ్మిది లొల్లప్పుడు పెద్దోడు కడుపుల ఉన్నడు. ఇందిరమ్మ చచ్చిపోయిన యేడు బిడ్డ పెండ్లి జేసిన. తెలంగాణ వచ్చిన యేడు మా ముసలాయన పోయిండు" అంటుంది. ఆయన విసుక్కుని, జనవరి 1 అని వేసి, తనకు తోచిన సంవత్సరమొకటి రాసేస్తాడు. ఆ ఒక్క అంకెతో ఆమె పింఛను ముందుకో వెనక్కో జరుగుతుంది.

నిజానికి ఆమె చెప్పింది ఎంత కచ్చితం! పోలీసు యాక్షన్ 1948 సెప్టెంబరు. తెలంగాణ ఉద్యమం 1969. ఇందిరాగాంధీ హత్య 1984 అక్టోబరు. తెలంగాణ రాష్ట్రం 2014 జూన్. ఆమె నాలుగు గుర్తులు చెబితే, ఆయనకు ఒక్కటీ పనికిరాలేదు. ఊరు కదలకుండానే ఆమె మూడు జిల్లాలు చూసింది. 1953 దాకా జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది, తర్వాత వరంగల్‌లో కలిసింది, 2016లో జనగామే జిల్లా అయింది. ఇంత చరిత్రను కొంగున ముడేసుకున్న మనిషి "తేదీ తెలియని మనిషి" ఎలా అయింది?

దశాబ్దం మాటను తరిమేయమని నేననడం లేదు. చరిత్ర పుస్తకానికి అది కావాలి. సర్కారు లెక్కకు అంకె కావాలి, కాదనను. కానీ అవ్వ చెప్పిన గుర్తులు విని అంకె కట్టడం లెక్క తెలిసినవాడి పని, ఆమె పని కాదు. అలాగే పాత్ర నోట పలకవలసిన మాటను వెతుక్కోవడం రచయిత్రి పని. మొగుడు పోయి ఎన్నాళ్ళయిందో ఒక ఆడది పన్నెండేళ్ళని చెబుతుంది, గోదావరి పుష్కరాల ముందటేడని చెబుతుంది, చిన్నదానికి పళ్ళు రాని రోజులని చెబుతుంది. "దశాబ్దానికి పైగా" అని మాత్రం చెప్పదు. ఎందుకంటే ఆ ఏళ్ళను ఆమె గుంపుగా బతకలేదు. ఒక్కొక్కటిగా బతికింది.