పల్నాటి మందుల షాపు
మాచర్లలో మందుల షాపతను ఒక పెద్దాయనకు మాత్రలిచ్చే తీరు చూడండి. గడువు తేదీ ఉన్న కొసను వదిలేసి, రెండో వైపు నుంచి పట్టీ కత్తిరిస్తాడు. కవరు మీద పొద్దునకు ఒక గీత, రాత్రికి రెండు గీతలు పెడతాడు. “తిన్నాకే వేసుకో బాబాయ్, పరగడుపున వద్దు” అని రెండుసార్లు చెబుతాడు. చదువు రానివాళ్లకు ఆ గీతలే డాక్టరు చీటీ.

డాక్టర్లను ఊళ్లకు పంపే ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం 2023 ఏప్రిల్ 6న మన పల్నాడు జిల్లాలోని లింగంగుంట్లలోనే మొదలైంది. డాక్టరు ఊళ్లోకే రావడం ఎంతో మేలు. అయినా రాత్రి పదింటికి పిల్లాడికి జ్వరమొస్తే పరుగెత్తేది ఈ షాపుకే. 2025 సెప్టెంబర్ 22న చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పట్టీ మీద పాత ధర, బిల్లులో కొత్త ధర! ఆ తేడాను ఓపిగ్గా విప్పి చెప్పాల్సింది కౌంటర్ వెనకున్న మనిషే.

ఆన్‌లైన్ మందుల అమ్మకాలకు వ్యతిరేకంగా 2018 సెప్టెంబర్ 28న దేశమంతా షాపులు మూశారు. అది వ్యాపారుల గొడవ మాత్రమే అని నేననుకోను. “బీపీ మాత్ర మానేశావేం?” అని ఫోన్ తెర అడగదు. అందుకే పథకాలు మార్చేముందు అధికారులు ఈ షాపుల సంఘాలను పిలిచి మాట్లాడాలి.