పడిగెకు పీరియడ్ వేస్తారా?

పదో తరగతి ఫలితాలొచ్చిన వారం కొత్తగూడెంలో ప్రతి కరెంటు స్తంభానికీ ఒక ముఖం మొలుస్తుంది. ఆరు వందలకు ఐదు వందల తొంభై చిల్లర తెచ్చుకున్న పిల్లల ఫొటోలు, కింద స్కూలు పేరు, దాని కింద ఫోన్ నంబరు. వాటి మీద నాకు కోపం లేదు. కష్టపడి చదివిన పిల్లకు వీధిలో నాలుగు రోజులు పేరొస్తే ఎవరికి నష్టం? చిరాకంతా అలాంటి ఒక ఫ్లెక్సీలో ఓ మూల ఉన్న బొమ్మ మీద. తలకు కొమ్ములు, మెడలో డోలు వేసుకున్న పిల్లల వరుస, పక్కన ‘చదువుతోపాటు కళలు’ అన్న ముక్క. ఆ కళ నేర్పే గంట టైంటేబుల్‌లో ఏ రోజున ఉందని అడిగితే మన బడుల్లో చాలావాటి దగ్గర జవాబుండదు. ముఖ్య అతిథి వస్తున్నాడంటే వారం ముందు రిహార్సల్, ఆయన కారెక్కగానే కొమ్ములు స్టోర్‌రూమ్‌లోకి. ఈ కాలమ్ వదలకుండా చదివేవాళ్లకు నా పాత గోల తెలిసిందే: డ్రాయింగు పీరియడ్‌ను లెక్కల సారు, డ్రిల్లు పీరియడ్‌ను సైన్సు మేడం ఎత్తుకుపోయే సంగతి. ఈ వారం మళ్లీ అదే గోల, కాకపోతే దారి కాస్త వేరు.

కళలకు బడిలో చోటు కావాలనే మనవాళ్లు ముందుగా తీసే అస్త్రం మార్కులే. పాట వచ్చినవాడికి లెక్కలు వస్తాయి, బొమ్మలేసే పిల్లకు సైన్సు తేలిగ్గా ఎక్కుతుంది అంటారు. హెడ్మాస్టరును ఒప్పించడానికి బాగానే పనికొస్తుంది గానీ, రుజువు అడిగితే తడబడాల్సి వస్తుంది. హార్వర్డ్‌లో ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్‌లాండ్ 1950 నుంచి జరిగిన అధ్యయనాలను గాలించి 2000లో సమీక్ష వెలువరించారు. నాటకం వేసిన పిల్లలకు భాష మెరుగుపడటం లాంటి రెండు మూడు చోట్ల తప్ప, కళల వల్లే మార్కులు పెరిగాయనడానికి గట్టి ఆధారం వాళ్లకు దొరకలేదు. కళలున్న స్కూళ్లలో మార్కులు ఎక్కువగా ఉండటం నిజమే కావచ్చు, కానీ సంగీతం టీచరుకు జీతమివ్వగల స్కూలు లెక్కలకూ మంచి టీచరును పెట్టుకోగలదు కదా! మనవాళ్లు బోలెడుమంది స్థిరపడిన హ్యూస్టన్‌లో ఇంకాస్త గట్టి పరీక్ష జరిగింది. 42 బడులు, 10,548 మంది పిల్లలు. ఏ బడులకు అదనంగా కళలు నేర్పాలో లాటరీ తీసి తేల్చారు. 2019లో బయటికొచ్చిన ఫలితాల ప్రకారం క్రమశిక్షణ గొడవలు 3.6 శాతం పాయింట్లు తగ్గాయి, రాతలో మార్కులు పెరిగాయి, తోటివాళ్ల బాధను పట్టించుకునే గుణం కొంచెం పెరిగింది. లెక్కల్లో, సైన్సులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పీరియడ్ ఎత్తుకుపోయే సారు ఈ చివరి వాక్యాన్నే రెండోసారి చదవాలి. కళలకు గంట ఇస్తే లెక్కలు పెరగలేదు నిజమే, పడిపోనూ లేదు.

అందుకే మార్కుల అస్త్రాన్ని పక్కన పెట్టమంటాను. లెక్కలకు సాయం చేస్తుందనే డ్రాయింగును ఉంచితే, అదే సాయం ఏదో ట్యాబ్లెట్ చవగ్గా చేసిన రోజున డ్రాయింగును ఎత్తేస్తారు. మన జిల్లా కోయల పడిగెనే చూడండి. మూడు మూలల గుడ్డ మీద వేల్పులు, వీరులు, జంతువుల ఆకారాలు ఉంటాయి. ఏ గట్టువాళ్లు, అంటే ఏ వంశంవాళ్లు, ఎక్కడ పుట్టారు, ఎక్కడికి తరలారు, ఎవరితో పోరాడారు అన్న కథంతా ఆ బొమ్మల్లోనే. డోలి కళాకారుడు వాటిని చూపిస్తూ గంటల తరబడి పాడతాడు. త్రిభుజం కనబడగానే ‘ఆహా, ఇక్కడ రేఖాగణితం నేర్పొచ్చు’ అనే శిక్షణ మాడ్యూలు ఎవరో ఒకరు తయారుచేసే ఉంటారు. నేర్పొచ్చు, కాదనను. కానీ పడిగె ఉన్నది అందుకు కాదు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథను డోలి కొట్టి పాడేవారు. బడి చదువు లేదు, పుస్తకం చూసుకోవాల్సిన అవసరమూ లేదు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024 జూన్‌లో కన్నుమూశారు. అంత కథ నోట నిలవాలంటే దానికంటూ ఒక క్రమం ఉండాలి, పేర్ల వరస ఉండాలి, తప్పు పాడితే పట్టుకునే పెద్దలు ఎదురుగా ఉండాలి. దీన్ని చదువు అనకపోతే చదువన్న మాటకు మనం ఇచ్చుకున్న అర్థంలోనే ఏదో లోటుంది.

ఇక్కడి నుంచి మామూలుగా వచ్చే డిమాండు ఒకటే: అలాంటివాళ్లను బడిలో టీచర్లుగా పెట్టండి. న్యాయంగానే వినిపిస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో కళలకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు బోధకులుండాలని రాసే ఉంది. అయితే వాళ్లు పార్ట్ టైమ్, అదీ ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి మించి పిల్లలున్న బడికే. ఏజెన్సీలో ఆ వంద దాటని బడులే ఎక్కువ. అంటే చట్టం ఇచ్చిన ఆ అరకొర టీచరు కూడా అడవి అంచు దాకా రాడు. ఇక రెగ్యులర్ డ్రాయింగు మాస్టరు కావాలంటే పదో తరగతి, డ్రాయింగు లోయర్, హయ్యర్, ఆపైన టీటీసీ ఉండాలి. ఆ లెక్కన పద్మశ్రీ ఉన్నా రామచంద్రయ్య ఆ పోస్టుకు దరఖాస్తు కూడా పెట్టుకోగలిగేవారు కాదు. 2020 జాతీయ విద్యావిధానం స్థానిక కళాకారులను బడిలో బోధకులుగా పెట్టుకోవచ్చంది గానీ వాళ్ల జీతానికి పద్దు ఏదో తేల్చలేదు. కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య సంగతి అందరికీ తెలుసు. పన్నెండు మెట్ల కిన్నెర గురించి ఎనిమిదో తరగతి పిల్లలు పాఠం చదువుకున్నారు, అదే మొగులయ్య 2024లో ఇల్లు కట్టేచోట కూలి పని చేస్తున్న వీడియోను రాష్ట్రమంతా చూసింది.

పోస్టు లేనప్పుడు అంతా ఒక మనిషి అభిరుచి మీదే నడుస్తుంది. భద్రాచలం దాటి గోదావరి వెంట దిగువకు వెళితే రాజమండ్రిలో దీనికి తెలుగువాళ్లందరూ చెప్పుకునే ఉదాహరణ ఉంది. అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. కుంచె పట్టడం ఆయన ఉద్యోగంలో భాగం కాదు. అయినా దామెర్ల రామారావులో, అడివి బాపిరాజులో ఉన్నదేమిటో గుర్తుపట్టి దగ్గరకు తీశాడు. రామారావు బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్లడం వెనక ఉన్నది ఆయన ప్రోత్సాహమే. తిరిగొచ్చిన రామారావు రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టి, 1925లో ఇరవై ఎనిమిదో ఏట మశూచికంతో పోయాడు. ఒక్క ప్రిన్సిపాలు ఆసక్తి ఆంధ్ర చిత్రకళకు ఒక తరాన్ని ఇచ్చిందని మనం మురిసిపోతాం. నాకు మాత్రం ఆ కథ భయం పుట్టిస్తుంది. ఆ కుర్చీలో బొమ్మలంటే గిట్టని ఇంకొక దొర కూర్చుని ఉంటే? ఇప్పుడు మన జిల్లాలో డ్రాయింగు ఎక్కడైనా సవ్యంగా నడుస్తోందంటే అక్కడ ఒక హెడ్మాస్టరుకు దాని మీద ఇష్టం ఉందన్నమాట. ఆయన బదిలీ ఉత్తర్వు వచ్చేదాకానే దాని ఆయుష్షు.

‘బొగ్గు ఊళ్లో పిల్లలకు ముందు ఉద్యోగం కావాలి, డోలు తర్వాత’ అనే మాట ఏ తల్లిదండ్రుల సమావేశంలోనైనా వస్తుంది. దాన్ని తేలిగ్గా తీసేయలేం. సింగరేణిలో నౌకరీ అంటే ఏమిటో ఈ ఊళ్లో ఎవరికీ వివరించక్కర్లేదు, ఆ పరీక్షలో డోలు మీద ప్రశ్న రాదు. కాకపోతే ఆ మాట అనే ఇళ్లలోనే, చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే కూతుర్ని ఆదివారం కూచిపూడి క్లాసులో చేర్పిస్తారు. అమెరికా చేరాక ఆ క్లాసు కోసం గంట దూరమైనా కారులో తీసుకెళ్తారు. అంటే కళ అక్కర్లేదని ఎవరూ అనుకోవడం లేదు, కొనుక్కోగలిగినవాళ్లకు ఉంటే చాలనుకుంటున్నారు. సర్కారు బడిలో డ్రాయింగు, సంగీతం పీరియడ్లు ఉండాలని, వాటికి పూర్తి జీతమున్న టీచరు ఉండాలని నేను మొండిగా అడిగేది ఇందుకే. ఈ విషయంలో నా మాట మారదు.

పడిగె దగ్గరకొచ్చేసరికి మాత్రం నా వాదం నాకే అడ్డం తిరుగుతోంది. దాన్ని బుధవారం మూడో పీరియడ్‌లో పెట్టి డోలి పెద్దాయనను గెస్ట్ టీచరు చేస్తే ఏమవుతుంది? అది పూజ చేశాక విప్పే గుడ్డ. ఆ పాట వేల్పుల కొలుపులకు, చావు కర్మలకు పాడేది. ఏ గట్టు కథ ఎవరి ముందు, ఎప్పుడు పాడాలో వాళ్లకో కట్టుబాటుంది. గంట కొట్టగానే ముగించి చుట్టేయాల్సి వస్తే అందులో మిగిలేది ఫ్లెక్సీ మూలకు సరిపోయే బొమ్మే. పైగా ఆశ్రమ పాఠశాలలో ఉండే కోయ పిల్లకు కళ లేకపోవడం కాదు అసలు సమస్య. ఇంటి దగ్గర ఉన్న కళకు ఏడాదిలో పది నెలలు దూరం చేస్తున్నది ఆ హాస్టలే. మేడారం జాతరకు సెలవులు ఇస్తున్నాం కదా అనొచ్చు. అది లక్షల జనం కదిలే జాతర. కొత్తల పండుగ అలా కాదు, ఏ ఊరి పెద్దలు ఆ ఊరికి తేదీ పెట్టుకుంటారు, కలెక్టరు ప్రకటించే స్థానిక సెలవు దానికి అతకదు. అందుకని ఈ ఒక్క కళకు బడిలో పీరియడ్ వద్దు. పిల్లను బడే ఇంటికి పంపాలి, ఆ రోజులు హాజరు పట్టీలో గైర్హాజరు కింద పడకూడదు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా కుమ్మరి దగ్గరో, వడ్రంగి దగ్గరో, కళాకారుడి దగ్గరో గడపాలని ఆ 2020 విధానంలోనే ఉంది. ఆ పది రోజులు ఎప్పుడన్నది ఊరి పెద్దలకు వదిలేస్తే ఇందులో సగం పని తీరుతుంది. వార్డెన్లు ఒప్పుకోరు, వాళ్ల భయమూ నిజమైనదే: గేటు దాటిన పిల్లకు దారిలో ఏమైనా అయితే సస్పెండయ్యేది తామే. కాబట్టి ఐటీడీఏ ఉత్తర్వు ఇస్తే అందులో కళల గొప్పదనం గురించి పేరాలు అక్కర్లేదు. పిల్లను తీసుకెళ్లడానికి వచ్చిన మేనమామ సంతకం చెల్లుతుందో లేదో, ఆ రోజుల హాజరు ఎవరు వేయాలో రెండు లైన్లలో రాస్తే చాలు.