సిగ్నల్ తెగితే విమానం ఏం చేయాలి?

రేడియోతో నడిచే మోడల్ విమానాన్ని చూడగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, "ఎంత దూరం పోతుంది?" ఈ విద్యలో చేయి తిరిగినవాళ్లు ముందుగా అడిగేది వేరు: "రేడియో అందకపోతే ఏం చేస్తుంది?" విమానంలో వైరింగు ఎలా ఉండాలో, రేడియోను ఎలా అమర్చాలో చెప్పే నియమాలన్నీ ఈ రెండో ప్రశ్నలోంచే పుట్టాయి. గాల్లో ఉన్నదాన్ని మధ్యలో ఆపి బాగుచేయలేం. చేయాల్సిందంతా నేల మీదే, ముందే చేసుకోవాలి.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్తుంటే పత్తి చేలు, మిరప తోటలు పలచబడి టేకు, ఇప్ప, తునికి చెట్ల అడవి మొదలవుతుంది. ఈ అంచున విమానం ఎగరేయాలంటే ఆ రెండో ప్రశ్న మరింత గట్టిగా వేసుకోవాలి. ఇక్కడి ఎండ, వానాకాలపు ఆకు, వేసవిలో ఎండుటాకు, ప్రతిదీ వైరింగును, రేడియోను ఒక్కోలా పరీక్షిస్తుంది.

క్లిప్పుల బోర్డు నేర్పిన మర్యాద

యంత్రాన్ని దూరం నుంచి రేడియోతో నడపవచ్చని నికోలా టెస్లా 1898లో న్యూయార్క్‌లో ఒక చిన్న పడవతో చూపించాడు. అమెరికాకే చెందిన కవల సోదరులు వాల్టర్ గుడ్, విలియం గుడ్ 1937లో 'గఫ్' అనే మోడల్ విమానాన్ని రేడియోతో ఎగరేశారు. తర్వాత దశాబ్దాల పాటు ఈ విద్యను చానెళ్ల తగాదా వేధించింది. ఒకే చానెల్ మీద ఇద్దరు రేడియో ఆన్ చేస్తే గాల్లో ఉన్న విమానం అదుపు తప్పేది. అందుకే మైదానంలో ఒక బోర్డు పెట్టి చానెల్‌కొక క్లిప్పు తగిలించేవాళ్లు. ఆ క్లిప్పు ఎవరి దగ్గరుంటే వాళ్లే ఆ చానెల్‌లో రేడియో ఆన్ చేయాలి.

2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వచ్చాక ఆ తగాదా తీరింది. వీటిలో సిగ్నల్ ఒకే ఫ్రీక్వెన్సీని పట్టుకుని ఉండదు, బ్యాండు అంతటా పరుచుకుంటుంది లేదా క్షణక్షణానికి చోటు మారుస్తుంది. 'బైండింగ్' చేశాక రిసీవర్ తన ట్రాన్స్‌మిటర్ మాట తప్ప మరొకటి వినదు. మన దేశంలో ఈ బ్యాండును పరిమిత శక్తితో, లైసెన్సు లేకుండా వాడుకునే వీలు 2005లో వచ్చింది. బోర్డులు పోయినా, ఆన్ చేసే ముందు పక్కవాడి విమానం గురించి ఆలోచించే అలవాటు మిగిలింది. ఆ అలవాటుతో పాటు ఈ విద్య మన పిల్లలకు అందే దారుల్లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ముఖ్యమైనది. క్యాడెట్లకు ఎయిరోమోడలింగ్ శిక్షణలో భాగం. అఖిల భారత వాయు సైనిక్ క్యాంపులో దానికి పోటీలూ ఉంటాయి.

కరెంటు నడిచే దారి

నేర్చుకునేవాళ్లు వాడే ట్రైనర్ విమానంలో తరచుగా మూడు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బాటరీ ఉంటుంది. నిండా చార్జి అయినప్పుడు సెల్లుకు 4.2 చొప్పున మొత్తం 12.6 వోల్టులు. సెల్లు 3 వోల్టుల కిందికి దిగితే దెబ్బతింటుంది. బాటరీ నుంచి రెండు లావు వైర్లు ఈఎస్‌సీకి, అంటే మోటారు వేగాన్ని అదుపుచేసే పెట్టెకు వెళ్తాయి. అక్కడి నుంచి మూడు వైర్లు బ్రష్‌లెస్ మోటారుకు వెళ్తాయి. మోటారు ఎదురు తిరుగుతుంటే ఆ మూడింటిలో ఏ రెండింటినైనా అటూ ఇటూ మారిస్తే చాలు. బాటరీ వైపు ఎరుపు, నలుపు తారుమారైతే మాత్రం ఈఎస్‌సీ అక్కడికక్కడే కాలిపోతుంది. అందుకే ఒకే వైపు నుంచి దూరే కనెక్టర్లు వాడతారు.

బాటరీకీ మోటారుకూ మధ్య దూరం చాలకపోతే ఏ వైరును పొడిగించాలి? మోటారు వైపు మూడు వైర్లను. బాటరీ వైపు వైర్లు వీలైనంత పొట్టిగానే ఉండాలి. ఈఎస్‌సీ కరెంటును సెకనుకు వేల సార్లు తెంచి కలుపుతుంటుంది. బాటరీ వైరు పొడవైన కొద్దీ ప్రతి తెంపుకూ వోల్టేజి ఎగిసిపడి లోపలి కెపాసిటర్లను దెబ్బతీస్తుంది.

రిసీవర్‌కూ, రెక్కలు, తోకల్లోని పలకలను కదిపే సర్వోలకూ కావలసిన 5 వోల్టులు ఈఎస్‌సీలోని 'బెక్' అనే భాగం ఇస్తుంది. మన ఎండలు దెబ్బకొట్టేది ఇక్కడే. చవక ఈఎస్‌సీల్లో ఉండే లీనియర్ బెక్ మిగతా వోల్టేజినంతా వేడిగా మార్చి వదిలేస్తుంది. 12.6 నుంచి 5కు దించితే 7.6 వోల్టులు మిగులు. సర్వోలు ఒక ఆంపియర్ లాగితే 7.6 వాట్ల వేడి పుడుతుంది, అదీ అగ్గిపెట్టెంత వస్తువులో. మే నెలలో 45 డిగ్రీలు దాటే కొత్తగూడెం, భద్రాచలం ఎండలో, గాలి ఆడని ఫోమ్ పొట్టలో ఆ వేడికి బయటికి దారుండదు. బెక్ వేడెక్కి ఆగిపోతే రిసీవర్ ఆగుతుంది. బాటరీలో చార్జి ఉన్నా, మోటారు బాగున్నా విమానం చేయి జారినట్టే. నాలుగు సర్వోలున్న విమానానికి, తక్కువ వేడెక్కే స్విచింగ్ బెక్ ఉన్న ఈఎస్‌సీని ఎంచుకోవాలి. ముక్కు దగ్గర గాలి లోపలికి రావడానికి ఒక రంధ్రం, వెనక బయటికి పోవడానికి అంతకన్నా పెద్ద రంధ్రం ఉంచాలి. మూసిన కారులో విమానాన్ని వదిలేస్తే హాట్ గ్లూ మెత్తబడి సర్వోలు పట్టు వదులుతాయి. లైపో ఉబ్బుతుంది.

టంకం గురించి ఒక్క మాట. వైరు, కనెక్టరు రెండూ తగినంత వేడెక్కి టంకం వాటిలోకి ఇంకాలి. పైపైన ముద్దలా అంటుకుంటే అది డ్రై సోల్డర్. బల్ల మీద బాగానే పనిచేస్తుంది, మోటారు అదురుకు గాల్లో ఊడుతుంది. అతికాక వైరును గట్టిగా లాగి చూసి, ఆపైనే హీట్ ష్రింక్ గొట్టం తొడగాలి.

మాట అందుకునే సర్వోలు

సర్వోకు మూడు వైర్లు: నలుపు లేదా గోధుమ రంగుది నెగటివ్, మధ్యలో ఎరుపు పాజిటివ్, తెలుపు లేదా నారింజ రంగుది సిగ్నల్. ఎరుపును మధ్యలో పెట్టడం తెలివైన ఏర్పాటు. ప్లగ్గు తిరగేసి పెట్టినా పాజిటివ్ తన చోటే ఉంటుంది కాబట్టి సాధారణంగా ఏదీ కాలదు, సర్వో కదలదంతే. సిగ్నల్ వైరులో మామూలుగా 20 మిల్లీసెకన్లకొక పల్స్ వస్తుంది. దాని నిడివి 1.5 మిల్లీసెకన్లయితే సర్వో మధ్యలో నిలుస్తుంది, 1 అయితే ఒక చివరకు, 2 అయితే మరో చివరకు తిరుగుతుంది. మన వేలి కదలిక విమానం తోక దాకా చేరేది ఈ సన్నటి తేడాగానే.

సర్వో చేతిని బిగించే వరస ముఖ్యం. ముందు రేడియో ఆన్ చేసి, ట్రిమ్ములన్నీ సున్నాకు తెచ్చి, సర్వో మధ్యలో నిలిచాక దాని చేయి పుష్‌రాడ్‌కు, అంటే పలకను కదిపే కడ్డీకి, సరిగ్గా లంబంగా ఉండేలా బిగించాలి. మిగిలిన చిన్న తేడాను కడ్డీ పొడవుతో సరిచేయాలి. రేడియోలోని సబ్‌ట్రిమ్ చిట్టచివరి ఉపాయం. కడ్డీ రంధ్రంలో వదులుగా ఉంటే, సైకిల్ బ్రేకు వైరు వదులైనట్టు, మనం కదిపిందొకటి రెక్క దగ్గర జరిగేది ఒకటి.

తర్వాత దిశలు చూడాలి. స్టిక్కు కుడికి నెడితే కుడి ఏలరాన్, అంటే రెక్క వెనక అంచున కదిలే పలక, పైకి లేవాలి. స్టిక్కు వెనక్కి లాగితే తోకలోని అడ్డపలక, ఎలివేటర్, పైకి లేవాలి. తిరగబడిన ఏలరాన్‌తో లేచిన విమానాన్ని దించడం ఆరితేరినవాళ్లకూ కష్టమే. కొత్తవాళ్లకు రేడియోలో 'ఎక్స్‌పో' అనే అమరికను 30 శాతం దగ్గర పెడితే స్టిక్కు మధ్యలో మెత్తగా ఉంటుంది, చేతి వణుకు విమానానికి చేరదు. ఈ పనులన్నీ ప్రొపెల్లర్ విప్పేసే చేయాలి.

ఇక ఆ రెండో ప్రశ్నకు జవాబు: ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోతే ఏం చేయాలో రిసీవర్‌కు ముందే చెప్పి ఉంచడం. సిగ్నల్ పోయినప్పుడు చివరి ఆజ్ఞనే పట్టుకుని ఉండమని చెబితే, విమానం నిండు వేగంతో ఎటో వెళ్లిపోతుంది. సిగ్నల్ పోగానే మోటారు ఆగేలా పెట్టాలి. ప్రొపెల్లర్ విప్పి, ట్రాన్స్‌మిటర్ ఆపి, మోటారు నిజంగా ఆగిందో లేదో చూడాలి. ఎగరేసేటప్పుడు ట్రాన్స్‌మిటర్ ముందు ఆన్, దించాక బాటరీ ముందు తీసేయడం అనే వరస కూడా ఇందుకే. మాట చెప్పేవాళ్లు లేకుండా విమానం ఒక్క క్షణమైనా మేలుకుని ఉండకూడదు.

అడవి అంచున

2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. రిసీవర్ యాంటెన్నాలో సిగ్నల్ పట్టే కొస అందులో నాలుగో వంతు, సుమారు 31 మిల్లీమీటర్లు. ఆ కొసను మడవకూడదు, కత్తిరించకూడదు, బాటరీకీ కార్బన్ కడ్డీకీ ఆనించకూడదు. రెండు యాంటెన్నాలుంటే ఒకదానికొకటి లంబంగా పెట్టాలి. విమానం ఎటు ఒరిగినా ఒకటైనా వింటుంది.

ఈ తరంగాన్ని నీరు బాగా పీల్చుకుంటుంది. జూలై, ఆగస్టుల్లో నీరు నిండిన ఆకులతో దట్టమైన టేకుచెట్ల వరస రేడియోకు గోడే. వేసవిలో ఆకు రాలాక అదే వరస చాలా వరకు తెరుచుకుంటుంది. మార్చిలో ఇబ్బంది లేకుండా తిరిగిన చోటే ఆగస్టులో సిగ్నల్ తెగవచ్చు. కాబట్టి రేంజ్ టెస్టును ఏడాదికొకసారి చేసి వదిలేయకూడదు. ప్రతిసారీ, ప్రతి చోటా, రేడియో శక్తిని రేంజ్ టెస్టు స్థాయికి తగ్గించి, కంపెనీ చెప్పిన దూరం నడిచి సర్వోలు తడబడకుండా కదులుతున్నాయో చూడాలి. చెట్ల వెనక్కి, చెట్ల కంటే కిందికి విమానాన్ని పోనివ్వకూడదు.

వేసవిలో సిగ్నల్‌కు దారి తెరుచుకున్నా మరో ప్రమాదం ఎదురవుతుంది. విమానం కూలి నలిగిన లైపో మంటలు చిమ్మవచ్చు, కింద చూస్తే ఎండుటాకు. ఆ రోజుల్లోనే ఇప్పపూల కోసం, తర్వాత తునికాకు కోసం కోయ కుటుంబాలు తెల్లవారకముందే అడవిలోకి వెళ్తాయి. వాళ్ల తల మీద, వాళ్ల బతుకుతెరువు మీద విమానం ఎగరేసే హక్కు మనకు లేదు. పత్తి కట్టె పీకేసిన చేలు, వరి కోసిన మళ్లు ఉన్నాయి. రైతును అడిగి అక్కడ ఎగరేయాలి. కిన్నెరసాని అభయారణ్యం, పాల్వంచ విద్యుత్ కేంద్రం, అశ్వాపురం భారజల కర్మాగారం దరిదాపులకు పోకూడదు. డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూసి, పోలీస్ స్టేషన్‌లో ముందే చెప్పాలి. రాష్ట్ర సరిహద్దు దగ్గరి ఈ ప్రాంతంలో ఆకాశంలో కొత్త వస్తువు కనిపిస్తే అనుమానం కలగడం సహజం. 2021 డ్రోన్ నిబంధనలు చదువు కోసమో సరదా కోసమో కంటికి కనిపించేంత దూరంలోనే ఎగిరే 25 కిలోల లోపు మోడళ్లను ప్రత్యేక తరగతిగా గుర్తించాయి. కంటికి కనిపించడమన్న ఆ షరతే ఈ విద్యకు ప్రాణం.

ఎందుకు నేర్చుకోవాలి

ఇవాళ మిరప, పత్తి చేలలో మందు కొట్టే డ్రోన్‌లో ఉన్నదీ ఈ బ్రష్‌లెస్ మోటార్లు, ఈఎస్‌సీలు, లైపోలే. 2023లో కేంద్రం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని తలపెట్టింది. డ్రోన్ ఇవ్వగానే సరిపోదు. వానాకాలం మధ్యలో అది ఆగిపోతే విప్పి చూసి, ఏ టంకం ఊడిందో, ఏ బెక్ వేడెక్కిందో చెప్పగలవాళ్లు మండలానికి ఒక్కరైనా ఉండాలి. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. అలాంటి వరదలో, తెగిన దారులకు ఆవల ఏమైందో చూసి రావడానికి డ్రోను పంపాలంటే కూడా, సిగ్నల్ తెగితే అది ఏం చేయాలో ముందే ఆలోచించి పెట్టిన మనిషి కావాలి.

ఆ మనిషి తయారవడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఒక ఫోమ్ షీటు, నాలుగు చిన్న సర్వోలు, మోటారు, ఈఎస్‌సీ, బాటరీ, రేడియో, టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్ ఒకటి చాలు. ఖమ్మం, భద్రాచలం బడుల్లో, గురుకులాల్లో ఈ పని మొదలుపెట్టే ఉపాధ్యాయులకు ఒకే విన్నపం: ఎగరేయడం కన్నా ముందు ఫెయిల్‌సేఫ్ నేర్పండి. తన యంత్రం ఎలా చెడిపోగలదో ముందే ఊహించి, చెడినా ఎవరికీ హాని కలగకుండా అమర్చడం నేర్చుకున్న అమ్మాయి, అబ్బాయి రేపు ఏ యంత్రం ముందు నిలబడినా నమ్మదగినవాళ్లవుతారు.