ముందు చదివే గంట, తర్వాతే ఆప్షన్

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి మా కాలేజీ వరండాలో తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఏటా ఒకటే: "మేడమ్, బీఏలో ఇంగ్లీషు లిటరేచర్ తీసుకుంటే మా పిల్లకి ఏం ఉద్యోగం వస్తుందండీ?" న్యాయమైన ప్రశ్న. చిట్టీ పాడి ఫీజు కట్టేవాళ్ళకు అలా అడిగే హక్కు ఉంది. నేను జవాబు చెబుతాను. కానీ అంతకుముందు పిల్లనొక మాట అడుగుతాను: "రోజులో నీదంటూ ఒక గంట ఎక్కడ దొరుకుతుందమ్మా?" ఇంగ్లీషు సాహిత్యం చదవాలనుకునేవాళ్ళ ప్లాన్ ఆ గంట దగ్గరే మొదలవ్వాలని నా గట్టి నమ్మకం.

ఉద్యోగం మాట ముందే తేల్చేద్దాం. డిగ్రీలో అందరూ చదివే జనరల్ ఇంగ్లీషు వేరు, ఇంగ్లీషు లిటరేచర్‌ని సబ్జెక్టుగా చదవడం వేరు. ఈ తేడా చేరేటప్పుడే తెలియాలి. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీషు పోస్టుకు డిగ్రీలో ఇంగ్లీషు ఆప్షనల్‌గా ఉండాలి, లేదా ఇంగ్లీషులో పీజీ ఉండాలి. దానిపైన ఇంగ్లీషు మెథడాలజీతో బీఈడీ, ఆపైన టెట్. ఎంఏ చేసి నెట్ గానీ సెట్ గానీ గట్టెక్కితే డిగ్రీ కాలేజీ పాఠాలకు దారి పడుతుంది. గ్రూప్స్‌కూ బ్యాంకు పరీక్షలకూ ఈ డిగ్రీ అడ్డు కాదు. అనువాదం, పత్రికలు, ప్రచురణ సంస్థలు ఉండనే ఉన్నాయి. ఢిల్లీ యూనివర్సిటీ లాంటి చోట సీటు కావాలనుకుంటే 2022 నుంచి సీయూఈటీ రాయాలి. దానికి ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగానే సిద్ధం కావాలి.

ఇంగ్లీషు పక్కన ఏం తీసుకోవాలన్నది రెండో ప్రశ్న. తెలంగాణలో దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడైనా, ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చాక మేజర్‌కు తోడు మైనర్ ఎంచుకునేటప్పుడైనా, వీలుంటే నేను చరిత్ర వైపే మొగ్గమంటాను. ఎందుకో ఒక పాఠంతో చెబుతాను.

విలియం బ్లేక్ ఒకే పేరుతో రెండు పద్యాలు రాశాడు, 'ది చిమ్నీ స్వీపర్' అని. మొదటిది 1789 నాటి సంపుటిలోది, రెండోది 1794 నాటిది. లండన్ ఇళ్ళ పొగగొట్టాల్లోకి దూరి మసి దులిపే చిన్నపిల్లల గురించి ఈ రెండూ. మొదటి దాంట్లో తల్లి చనిపోయి, తండ్రి అమ్మేసిన పిల్లాడు మాట్లాడతాడు. గుండు కొట్టించుకుని ఏడుస్తున్న ఇంకో పిల్లాణ్ణి ఓదారుస్తాడు. ఆ రెండోవాడికి ఒక కల వస్తుంది: నల్లటి శవపేటికల్లో బిగించిన వేలాది పిల్లల్ని దేవదూత వచ్చి విడిపిస్తాడు. తెల్లారి చలిలో పనికి వెళుతూ ఆ పిల్లాడు సంతోషంగానే ఉంటాడు. రెండో పద్యంలో మంచులో ఒంటరిగా నిలబడ్డ పిల్లాణ్ణి ఎవరో అడుగుతారు, అమ్మానాన్నలు ఎక్కడని. ప్రార్థనకు చర్చికి వెళ్ళారంటాడు వాడు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఏం మారిందో చెప్పమంటాను. ఒక ఏడాది వెనక బెంచీ అమ్మాయి, పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్ల, లేచి ఇలా అంది: "మేడమ్, మొదటి పిల్లాడు తనకు తానే సర్దిచెప్పుకుంటున్నాడు. రెండోవాణ్ణి ఎవరో అడిగారు కాబట్టి ఉన్నమాట చెబుతున్నాడు. మొదటివాణ్ణి ఎవరూ అడగలేదు." ఆ మాట ఆ పిల్ల రెండు పేజీలను తన కళ్ళతో చూసి పట్టుకున్నది. అప్పుడు నేను చరిత్ర చెప్పాను: ఈ పిల్లల కోసం బ్రిటన్ పార్లమెంటు 1788లోనే చట్టం చేసింది, ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళను పనిలో పెట్టుకోకూడదంది, దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. చట్టం కాగితం మీదే మిగిలిపోయిన ఊళ్ళో రాసిన పద్యమని తెలిశాక క్లాసు మళ్ళీ చదివింది. ఆ రెండో చదువు మొదటిదానికంటే చాలా లోతుకు వెళ్ళింది.

ఇదంతా గైడ్‌లో రాదు. సారాంశం, కవి పరిచయం, నాలుగు వ్యాస ప్రశ్నలు బట్టీపట్టి సెమిస్టర్ పరీక్ష దాటొచ్చు. అలా అన్ని సెమిస్టర్లూ దాటి, ఒక్క నవల కూడా చివరిదాకా చదవకుండా మెమో తీసుకుపోయే పిల్లల్ని చూస్తే నాకు బాధగా ఉంటుంది. మూడేళ్ళు కాలేజీకి వచ్చారు, ఫీజు కట్టారు, దక్కాల్సింది మాత్రం దక్కలేదు.

అందుకే ఆ గంట. పరీక్షలూ పండగలూ పోగా ఏడాదికి 250 రోజులు మిగిలాయనుకుందాం. మూడేళ్ళకు 750 గంటలు. సిలబస్ చాలాచోట్ల చాసర్ నుంచి మొదలై కాలక్రమంలో కిందికి దిగుతుంది. క్లాసులో అలాగే సాగనివ్వండి. ఇంట్లో చదివే గంటకు మాత్రం వేరే వరస పెట్టుకోవాలి. మనకు దగ్గరివి ముందు, దూరపువి తర్వాత. మొదటి సెమిస్టర్‌లో ఆర్.కె. నారాయణ్ 'స్వామి అండ్ ఫ్రెండ్స్' చదవండి. 1935లో వచ్చిన ఆ నవల్లోని బడి, లెక్కల భయం, క్రికెట్ పిచ్చి మనకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. తర్వాత ఆర్వెల్ 'యానిమల్ ఫామ్', పదే అధ్యాయాలు. ఆపైన చినువా అచెబె 'థింగ్స్ ఫాల్ అపార్ట్', 25 అధ్యాయాలు. రెండో ఏడాది 'మాక్‌బెత్'ను ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి పాత్రలు పంచుకుని పైకి చదవండి. నాటకం నోటితో చదివితేనే ఒంటబడుతుంది. ఆ వేసవికి జేన్ ఆస్టిన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'. 61 అధ్యాయాలు, రోజుకు రెండు చొప్పున నెలలో అయిపోతుంది.

ఎలా చదవాలన్నదీ ప్లాన్‌లో భాగమే. మొదటిసారి డిక్షనరీ ముట్టుకోకుండా పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ పోవాలి. రెండోసారి డిక్షనరీతో. తర్వాత నోటుబుక్కులో మూడు సంగతులు: ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, నన్ను ఆపిన వాక్యం ఏది, నాకు అర్థంకాని ప్రశ్న ఏది. ఆ మూడో వరుసను క్లాసుకు తీసుకొచ్చే విద్యార్థి ఒక్కరున్నా లెక్చరర్‌కు పాఠం చెప్పే ఉత్సాహం వస్తుంది.

తెలుగును మాత్రం వదలొద్దు. గోల్డ్‌స్మిత్ 1766లో ప్రచురించిన 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' స్ఫూర్తితో కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' రాశారు. ఆస్తి పోగొట్టుకున్న మతగురువు కుటుంబకథ గోదావరి ఒడ్డున ధవళేశ్వరానికి చేరేసరికి మూఢనమ్మకాలూ ముహూర్తాలూ నిండిన మన ఇంటి కథ అయింది. 1887లో అదే నవల 'ఫార్చ్యూన్స్ వీల్' పేరుతో ఇంగ్లీషులోకి వెళ్ళింది. ఈ రెండు నవలల్నీ కలిపి చదివి, వీరేశలింగం ఏం ఉంచారో ఏం మార్చారో రాయగలిగే అవకాశం మన పిల్లలకు ఉంది. నాలుగో ఏడు ఆనర్స్ చేయాలనుకునేవారికి ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఏముంటుంది?

ఈ సబ్జెక్టు మన దగ్గరికి పాలకుల అవసరం కొద్దీ వచ్చిందన్న సంగతి కూడా విద్యార్థికి తెలియాలి. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీషు విభాగం 1894లో గానీ మొదలవలేదు. భారతీయ విద్యార్థులకు ఇంగ్లీషు సాహిత్యం అంతకు చాలా ముందే పాఠమైంది. ఆ కథను గౌరీ విశ్వనాథన్ 1989లో 'మాస్క్స్ ఆఫ్ కాంక్వెస్ట్'లో వివరించారు. తెలిసి చదివితే ఆ సాహిత్యం మన తలకెక్కి కూర్చోదు, మన చేతిలో ఉంటుంది.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. ఆ గంట పిల్లకు పని చెప్పకండి, ముఖ్యంగా ఆడపిల్లకు. ఫీజుతో సమానంగా మీరివ్వాల్సింది అదే.

విద్యార్థులకు చెప్పేది ఇదీ. ఆప్షన్లు పెట్టే ముందు ఈ వారంలోనే 'స్వామి అండ్ ఫ్రెండ్స్' మొదటి అధ్యాయం ఒక్కరే కూర్చుని చదవండి. నాలుగైదు మాటలు అర్థం కాకపోయినా ఫరవాలేదు. రెండో అధ్యాయం చదవాలనిపిస్తే ధైర్యంగా ఇంగ్లీషు లిటరేచర్ పెట్టండి, మిగతాది నేర్పడానికి మేమున్నాం. అనిపించకపోతే మీ మనసు లాగే ఇంకో సబ్జెక్టు వెతుక్కోండి. అదీ మంచి నిర్ణయమే.