విరామంలో మొదలయ్యే పోటీ

అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో సగం ఆట కాగానే జనం తిండి కోసమో, కాళ్లు సాగదీయడానికో లేచి వెళ్లడం మామూలే. న్యూ ఆర్లీన్స్‌లో ఏటా థాంక్స్‌గివింగ్ పండుగ వారంలోని శనివారం జరిగే బాయూ క్లాసిక్‌లో మాత్రం బయట ఉన్నవాళ్లు కూడా సరిగ్గా ఆ వేళకే పరుగున వచ్చి కూర్చుంటారు. మైదానంలోకి దిగబోయేవి బ్యాండ్లు మరి!

తలపడేవి లూసియానా రాష్ట్రంలోని రెండు నల్లజాతి విశ్వవిద్యాలయాలు: బాటన్ రూజ్‌లోని సదరన్, ఉత్తరాన చిన్న పట్టణంలోని గ్రాంబ్లింగ్ స్టేట్. వీటి పోటీని పెద్ద నగరానికి తేవాలన్న ఆలోచన గ్రాంబ్లింగ్ క్రీడా ప్రచార బాధ్యతలు చూసిన కాలీ నికల్సన్‌ది. 1974లో టులేన్ స్టేడియంలో తొలి బాయూ క్లాసిక్‌కు 76 వేలకు పైగా జనం వచ్చారు. మరుసటి ఏడాదే వేదిక కొత్త సూపర్‌డోమ్‌కు మారింది.

వర్ణవివక్ష కాలంలో అమెరికా దక్షిణాది తెల్లవారి విశ్వవిద్యాలయాలు నల్లజాతి కుర్రాళ్లను తమ జట్లలోకి రానివ్వలేదు. వాళ్లను తీర్చిదిద్దినవి ఇలాంటి కళాశాలలే. 1941లో గ్రాంబ్లింగ్ కోచ్‌గా చేరిన ఎడ్డీ రాబిన్సన్ 1997లో తప్పుకునే నాటికి 408 విజయాలు సాధించారు. ఆయన శిష్యుడు డగ్ విలియమ్స్ 1988లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ తుది పోరైన సూపర్ బౌల్ గెలిచిన తొలి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపించే ఆటగాడు) అయ్యారు.

బ్యాండ్ల ఘనత కూడా తక్కువది కాదు. 1967లో తొలి సూపర్ బౌల్ విరామంలో వాయించిన వాటిలో గ్రాంబ్లింగ్ బ్యాండ్ ఉంది. సదరన్ బ్యాండ్‌కు 'హ్యూమన్ జ్యూక్‌బాక్స్' అని పేరు. రేడియోలో మోగుతున్న కొత్త పాటలు ఇత్తడి వాద్యాల మీద అంత చప్పున పలికిస్తారు.

మైదానం మీద ప్రతి 5 గజాలకూ ఒక తెల్ల గీత ఉంటుంది. రెండు గీతల మధ్య 8 అడుగులు పడాలన్నది మార్చింగ్ బ్యాండ్ల సాధారణ లెక్క. అంటే అడుగుకు 22.5 అంగుళాలు. ఒక్కరి అడుగు పెరిగినా వరస వంకర పోతుంది, పై అంతస్తులో కూర్చున్నవారి కంట ముందు పడేది ఆ వంకరే. నల్లజాతి కళాశాలల శైలిలో తొడ నేలకు సమాంతరమయ్యేంతగా మోకాలు లేపడం దీనికి తోడు. కాళ్లు అలా ఎగిసిపడుతున్నా ట్రంపెట్ పెదవి మీద కదలకూడదు కాబట్టి నడుము పైభాగాన్ని కుదురుగా నిలుపుకోవాలి. స్వరాలన్నీ కంఠస్థం. సూపర్‌డోమ్ లాంటి కప్పున్న స్టేడియంలో ఇంకో చిక్కు: ప్రతిధ్వని ఆలస్యంగా తిరిగొస్తుంది, దాన్ని నమ్మితే తాళం తప్పుతుంది. అందుకే కన్ను బ్యాండ్‌ను నడిపించే డ్రమ్ మేజర్ చేతి మీదే ఉండాలి. ఆపైన అందరూ వాద్యాలతోనే నాట్యానికి దిగుతారు. సూసాఫోన్ అనే బరువైన ఇత్తడి వాద్యాన్ని భుజాన మోసేవాళ్లకూ మినహాయింపు లేదు. ఇంత సాధనను ఆటకు హంగుగా లెక్కగట్టడం అన్యాయం.

2005లో కత్రినా తుపాను సూపర్‌డోమ్ కప్పును చీల్చింది. ఇళ్లు వదిలిన వేలమంది అందులోనే తలదాచుకున్నారు. ఆ ఏడాది మ్యాచ్ హ్యూస్టన్‌కు వెళ్లి, 2006లో తిరిగి సొంత నగరానికి వచ్చింది.

మొదటిసారి వెళ్లేవారు శనివారానికి మాత్రమే టికెట్ కొంటే సగమే చూసినట్టు. ముందు రోజు రాత్రే 'బ్యాటిల్ ఆఫ్ ది బ్యాండ్స్' ఉంటుంది. మ్యాచ్ అయ్యాక కూడా తొందరపడి బయల్దేరకూడదు. స్కోరు తేలిపోయాక రెండు బ్యాండ్లూ గ్యాలరీల్లోంచే ఒకదాని పాటకు ఒకటి బదులిచ్చుకుంటాయి. ఆటకు ఉన్నవి నాలుగు క్వార్టర్లే కాబట్టి దాన్ని 'ఐదో క్వార్టర్' అంటారు, ఓడిన జట్టు అభిమానులు కూడా దానికోసం ఆగుతారు.