ఊరు విడిచిందెవరు? – చీరాల చరిత్ర రచన మీద కొన్ని ప్రశ్నలు

చీరాల గురించి రాయబోయే ప్రతివాళ్లూ 'క్షీరపురి' దగ్గర మొదలుపెడతారు. పక్కనే సముద్రం, పాలనురుగులాంటి అలలు, అందుకని క్షీరపురి, అదే జనం నోట్లో పడి చీరాల అయిందని చెబుతారు. వేల మగ్గాల మీద చీరలు నేసిన ఊరికి పేరెక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోడానికి పాలసముద్రం దాకా పోవాలా? పేరు పుట్టుక సంగతి భాషావేత్తలు తేల్చుకుంటారు, దాని మీద నాకు పేచీ లేదు. నేను చూస్తున్నది మగ్గాన్ని దాటి పురాణం దగ్గరకి పరిగెత్తే అలవాటుని. చీరాల చరిత్ర రచన మొత్తంలో ఆ అలవాటే పనిచేసింది. చేతులు కనపడాల్సిన చోట పేర్లు, బిరుదులు కనపడతాయి.

ఈ రచనలకి ఒక వరస ఉంది. ముందు చీరాల-పేరాల ఉద్యమం, తర్వాత నేత, ఆ తర్వాత పొగాకు. కారంచేడు ఇందులో ఉండదు. అది పక్క ఊరు కదా అంటారు. ఉంటే గింటే 'దురదృష్టకర సంఘటన' అని ఒక వాక్యం. ఈ వరస ఎందుకిలా ఉందన్నదే నా ప్రశ్న.

చీరాల-పేరాల కథ మనమంతా బళ్లో చదువుకున్నదే. రెండు గ్రామాల్నీ కలిపి మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి 4,000 రూపాయలుండే పన్ను 40,000 దాకా పోయింది. జనం కట్టమన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకుడు. 1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చి చూశాడు. మునిసిపాలిటీ పరిధి దాటి వెళ్లిపోతే మునిసిపాలిటీయే ఉండదు కదా అన్న ఆలోచన ఆచరణలోకి వచ్చింది. 15,000 జనాభాలో 13,000కి పైగా ఇళ్లు వదిలి, పొలిమేర అవతల పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టారు, వలంటీర్లకి రామదండు అని. గోపాలకృష్ణయ్యని ఏడాది జైల్లో పెట్టారు. 1922లో జనం తిరిగొచ్చారు. మునిసిపాలిటీ మాత్రం పోలేదు.

ఎండకీ వానకీ పాకల్లో పడి ఉన్న ఆ వేలమందిలో ఎక్కువభాగం రెక్కాడితేగాని డొక్కాడనివాళ్లు. వాళ్ల పట్టుదలని చిన్నబుచ్చే ఉద్దేశం నాకు లేదు. కాకపోతే ఈ కథ చెప్పే ప్రతి పుస్తకమూ 'ప్రజలు ఊరు విడిచారు' అంటుంది. ఇందులో 'ప్రజలు' అన్న మాట కంటే 'ఊరు' అన్న మాటే నన్ను ఎక్కువ ఆపుతుంది. మన కోస్తా పల్లెల్లో 'ఊళ్లోకెళ్లొస్తా' అనేది ఎవరు? మాలపల్లె వాళ్లు, మాదిగపల్లె వాళ్లు. ఊరు వేరు, పల్లె వేరు. పుట్టిందగ్గర్నించీ ఊరి బయటే ఉంచబడ్డవాళ్లు ఊరు విడవడం అంటే ఏమిటి? ఊరంతా పొలిమేర దాటి పాకలేసుకుంటే, పొలిమేరలోనే పాకలున్నవాళ్లు ఎక్కడికి జరిగారు? రామనగర్లో పాకల వరసలు వేసినప్పుడు బావి ఎవరిది, రేవు ఎవరిది అన్న లెక్క మారిందా? ఊరి మ్యాపు కొత్తగా గీసుకునే అవకాశం చరిత్రలో ఒక్కసారి వస్తుంది. అది వచ్చిన ఆ పదకొండు నెలల్లో పల్లె ఎక్కడుందో అడగని చరిత్రని జాతీయోద్యమ చరిత్ర అనొచ్చేమోగాని ఊరి చరిత్ర అనలేం. అదే గుంటూరు జిల్లాలో, అదే ఉద్యమ కాలంలో, జైలుకెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' రాశాడు. 1922లో అది అచ్చయింది. నవలకి కనపడ్డ పల్లె చరిత్ర పుస్తకానికి కనపడలేదు.

రెండో సంగతి మునిసిపాలిటీ. మన రచయితలకి అది పన్నుల రాక్షసి మాత్రమే. పన్ను భారం నిజమే, పదింతలు పెంచడం అన్యాయమే. అయితే మునిసిపాలిటీ అంటే వీధి దీపం, మంచినీళ్లు, ఆస్పత్రి, బడి కూడా. వీటిలో పల్లెకి ఏది వచ్చేది, ఏది రాదు? ఇంకోపక్క మునిసిపాలిటీ అంటే వీధులూడ్చే పని, పాకీ పని. ఆ పని ఏ కులాల నెత్తిన పడిందో ఆంధ్రదేశంలో ఏ పట్టణానికెళ్లినా చూడొచ్చు. అంటే ఈ తగాదాలో దళితుడికి రెండు వైపులా పని ఉంది, రెండు వైపులా నష్టమూ ఉంది. అప్పుడు మద్రాసులో ఉన్నది పానగల్లు రాజా నాయకత్వంలోని జస్టిస్ పార్టీ ప్రభుత్వం. బ్రాహ్మణేతరుల ప్రభుత్వం కాబట్టి మునిసిపాలిటీ మంచిదనీ, గాంధీ మాట కాబట్టి రామనగర్ చెడ్డదనీ తేల్చేయడం మనవాళ్లలో కొందరికి సులువుగా ఉంది. అదీ తప్పే. పన్ను కట్టలేని సాలె ఇంటి బాధ జస్టిస్ పార్టీకి పట్టలేదు, రామనగర్ నాయకులకి పల్లె పట్టలేదు.

ఇక నేత. చీరాల, పేరాల, జాండ్రపేట, ఈపూరుపాలెం, వేటపాలెం అంతా మగ్గాల నేల. తేలియా రుమాలు ఇక్కణ్ణుంచే అరబ్బు దేశాలకి పోయింది. నూలుని నూనెలోనూ ఆముదపు కాయల బూడిదలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, అప్పుడు చిటికీ కట్టి రంగులద్దేవాళ్లు. ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో ఉండే ఆ రుమాలు ఎడారి ఎండలో తలకి చలవ చేస్తుందని పేరు. ఆ విద్య చీరాలలో సన్నగిల్లింది, ఉమ్మడి నల్లగొండ జిల్లా పుట్టపాకలో నిలబడింది. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ రుమాలు గురించి ఎంతైనా రాస్తారు, రాయాల్సిందే. కానీ నేత అంటే పద్మశాలి, దేవాంగ అనే రెండు పేర్లతో ఆగిపోతారు. మాలలు నేశారన్న మాట ఎక్కడుంది? తెలుగు జిల్లాల్లో ముతక బట్ట నేసింది మాల నేతగాళ్లని ఇంగ్లీషువాళ్ల కాలం నాటి కులాల గ్రంథాల్లోనే ఉంది. పొలం పని చేసే జనం కట్టుకున్న గుడ్డ వాళ్లది. మిల్లు గుడ్డ వచ్చాక ముందు దెబ్బతిన్నది ఆ ముతక నేతే. పట్టుకీ సన్న నూలుకీ షావుకారు దొరికాడు, సొసైటీ వచ్చింది, ప్రగడ కోటయ్యలాంటి నాయకుడు అసెంబ్లీలో మాట్లాడాడు. మాల మగ్గానికి ఎవరూ లేరు. మగ్గం గుంట పూడ్చి నేతగాడు కూలికెళ్లాడు. అతన్ని చరిత్ర 'వ్యవసాయ కూలీ' అని రాసుకుంది. ఒక వృత్తి తెలిసినవాణ్ణి వృత్తి లేనివాడిగా నమోదు చేయడం కూడా దోపిడీయే.

సాలెల బతుకు బాగుందని కాదు. 1991లో నూలు ధరలు పెరిగి చీరాల చుట్టుపక్కల చేనేత ఇళ్లలో ఆకలిచావులూ ఆత్మహత్యలూ జరిగాయి. ఆ ఏడాదే ఆగస్టు 6న, ఇక్కడికి దూరం కాని చుండూరులో దళితుల్ని నరికి గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఈ రెండింటినీ ఒకే పేజీలో పెట్టి ఆలోచించిన వ్యాసాలు మనలోనూ తక్కువే. అగ్రవర్ణ చరిత్రకారుణ్ణి తిట్టేటప్పుడు ఇది కూడా ఒప్పుకోవాలి.

పొగాకు దగ్గర అసలు విషయం ఉంది. ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ, మన జనం నోట్లో ఐ.ఎల్.టి.డి., 1912లో పుట్టింది. గుంటూరు సీమలో వర్జీనియా ఆకుని పాతించింది, కొన్నది, చీరాలలో పెద్ద ఫ్యాక్టరీ పెట్టింది. రైలు మార్గం పక్కనే ఉంది, సముద్రం దగ్గర. పట్టణ చరిత్రలు దీన్ని 'పారిశ్రామిక ప్రగతి' అంటాయి. ఆకుని రకాలుగా ఏరింది, ఈనె తీసింది ఎవరు? ఎక్కువమంది ఆడవాళ్లు, ఎక్కువమంది కింది కులాలవాళ్లు. సీజను పని. సీజనైపోతే కంపెనీకి వాళ్లు తెలియదు. ఘాటుకి దగ్గు, కళ్లమంటలు, ఇంటికెళ్లినా ఒంటిని వదలని వాసన. ఈనె తీసే యంత్రాలొచ్చాక ఆ చేతులకి పని తగ్గింది. దాన్ని 'ఆధునికీకరణ' అన్నారు.

ఇంకో సంగతి. బాపట్ల-చీరాల మధ్య స్టువర్టుపురం ఉంది. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలవాళ్లని తెచ్చి పెట్టిన సెటిల్మెంటు, సాల్వేషన్ ఆర్మీ నడిపింది. అక్కణ్ణుంచి ఎరుకలవాళ్లు ఈ పొగాకు ఫ్యాక్టరీకి పనికొచ్చారు. హాజరు పట్టీ చేతిలో పట్టుకున్న సెటిల్మెంటూ కూలీలు కావాల్సిన కంపెనీ ఒకదానికొకటి ఎలా సరిపోయాయో చూడండి. 'దొంగల్ని మనుషులుగా మార్చాం' అని దాతలు చెప్పుకున్నారు. నికరమైన చవక కూలీ దొరికిందన్న మాట కంపెనీ పైకి అనాల్సిన అవసరం లేకపోయింది. స్టువర్టుపురం అనగానే గజదొంగల సినిమా గుర్తొచ్చే మన బుర్రల్లో ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డ ఎరుకల కూలి ఎందుకు లేడు?

పొగాకు పట్టణంలో ఆగదు. పొలంలో ఆకు, మోతుబరి బేరన్లో కాల్చడం, బండెక్కి కంపెనీకి రావడం. పట్టణంలో కంపెనీ ఇచ్చిన డబ్బు పల్లెటూళ్లో ఎవరి ఇంటికి చేరింది? భూమి ఉన్నవాడి ఇంటికి. డెల్టా నీళ్లతో, వాణిజ్య పంటలతో ఈ ప్రాంతంలో ఒక కొత్త పెత్తందారీ కులం బలిసింది. సినిమాల్లో పెట్టుబడి పెట్టింది, రాజకీయాల్లోకి వచ్చింది. చీరాల నుంచి ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న కారంచేడు ఆ బలుపుకి చిరునామా. కాబట్టి కారంచేడు చీరాలకి 'పక్క ఊరు' కాదు. అది చీరాల మార్కెట్టుకి వెనక గది.

1985 జూలై 16న మాదిగలు తాగే నీళ్ల దగ్గర గేదెల కుడితి కడిగితే వద్దన్నారు. మున్నంగి సువార్త అనే ఆడమనిషి చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, పల్లె మీద దాడి. ఆరుగురు మాదిగల్ని చంపారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. మిగిలినవాళ్లు పారిపోయి చీరాల వచ్చారు. చర్చి ఆవరణలో శిబిరం. కత్తి పద్మారావు, బొజ్జా తారకం అక్కడికి చేరారు. తారకం హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పని వదిలేశారు. దళిత మహాసభ ఆ శిబిరంలోంచి లేచింది. ప్రభుత్వం తిరిగి ఊరెళ్లమంది. వాళ్లు వెళ్లమన్నారు. చీరాలలోనే ఉంటామన్నారు, విజయనగర్ కాలనీ అయింది. సుప్రీంకోర్టు చివరి తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది: ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్లు. ఇరవై మూడేళ్లు పట్టింది.

ఇప్పుడు రెంటినీ పక్కపక్కన పెట్టండి. 1921లో చీరాల వాళ్లు పన్ను కట్టం అని ఊరు విడిచి పాకలేసుకున్నారు. అది సత్యాగ్రహం. 1985లో కారంచేడు మాదిగలు చావు తప్పించుకుని ఊరు విడిచి చీరాలలో గుడారాలేసుకున్నారు, తిరిగి వెళ్లం అన్నారు. అది 'బాధితుల పునరావాసం'. మొదటివాళ్లు పదకొండు నెలల తర్వాత వెనక్కొచ్చారు, రెండోవాళ్లు వెనక్కిపోలేదు. నిరాకరణ అన్న లెక్క చూస్తే ఏది ఎక్కువ? మొదటిది పాఠం, రెండోది కేసు నంబరు. ఈ తేడా సంఘటనల్లో లేదు, రాసేవాడి కలంలో ఉంది.

చీరాలే ఎందుకొచ్చారు అన్న ప్రశ్నకి మాత్రం పరిశ్రమల చరిత్రే జవాబు చెబుతుంది. ఈ జిల్లాలో 1860ల నుంచి మాదిగల్లో మిషన్ పనిచేసింది. 1877 కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకం పని పట్టి వాళ్లకి కూలి ఇచ్చాడు, 1878లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం అయింది. దాంతో చర్చి అనే ఒక ఆవరణ దక్కింది, మోతుబరి గేటు లేని ఆవరణ. పట్టణంలో పొగాకు కూలి ఉంది, రిక్షా ఉంది, జీడిపప్పు ఒలిచే పని ఉంది. కూలి తక్కువే, కానీ రేపు ఎవరింటికి పోవాలో మోతుబరి చెప్పడు. పట్టణం కులం లేని చోటని నేననను. కాలనీ కూడా ఒక పక్కనే ఉంది కదా. అయినా పల్లెటూరు ఇవ్వని ఒక సందు పట్టణం ఇచ్చింది. పరిశ్రమ వల్ల చీరాలకి ఒరిగిందేమిటి అని లెక్క కట్టేవాళ్లు ఎగుమతుల అంకెలతో పాటు ఈ సందునీ లెక్కలో వేసుకోవాలి.

2022 ఏప్రిల్లో చీరాల ప్రకాశం జిల్లా నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. కొత్త జిల్లాకి కొత్త చరిత్రలు రాస్తారు, క్షీరపురితోనే మొదలుపెడతారు. 1918లో పెట్టిన సారస్వత నికేతనం వేటపాలెంలో ఉంది, పాత పత్రికల ఫైళ్లకి అది పేరున్న చోటు. మన విద్యార్థులు అక్కడ 1921 ఫైళ్లు చూస్తారు, చూడాలి కూడా. చూసి అక్కణ్ణుంచి తిన్నగా విజయనగర్ కాలనీకి వెళ్లాలి. చేత్తో ఈనె తీసిన ఆడవాళ్లలో బతికున్నవాళ్లకి ఇప్పుడు డెబ్భై దాటాయి. ఏ సీజనులో ఎంత కూలి, ఏ మేస్త్రీ ఎలా పిలిచేవాడు, శిబిరంలో మొదటి రాత్రి పొయ్యి ఎవరు వెలిగించారు – ఇవి ఏ ఫైల్లోనూ దొరకవు.