ముద్రారాక్షసమున నిర్గమముద్ర

విశాఖదత్తుని ముద్రారాక్షసమున ముద్ర యనఁగానే పాఠకునకు రాక్షసుని యంగుళీయకమే స్ఫురించును. చందనదాసుని యింట దాఁగియున్న రాక్షసపత్ని వ్రేలినుండి జాఱి, చారునకుఁ జిక్కి, చాణక్యుని హస్తగతమైన యా యుంగరము ప్రథమాంకము మొదలు కథను నడుపుచున్నది. నాటకమునకుఁ బేరు దానిని బట్టియే వచ్చినదని విద్యార్థులకు బోధించుట యాచారము. ఇది తప్పు గాదు. కాని యీ నాటకమున మఱియొక ముద్రయుఁ గలదు. అది పంచమాంకమున మలయకేతుని స్కంధావారమునుండి వెలువడఁ గోరువారికి భాగురాయణుఁ డొసఁగు నిర్గమముద్ర. నేఁటి వ్యవహారమున దానిని పాస్‌పోర్టనియు, వీసా యనియు, దేశము విడుచుట కిచ్చు ననుమతిపత్ర మనియుఁ జెప్పవచ్చును. ఈ రెండవ ముద్రను రంగసౌకర్యమునకై కల్పింపఁబడిన చిన్న యుపాయముగా నెంచి దాఁటిపోయినచో పంచమాంకముయొక్క బలము సగము మఱుఁగుపడును.

ఈ నిర్గమముద్ర కవి యూహనుండి పుట్టినది కాదు. మైసూరున శామశాస్త్రిగారు 1909వ సంవత్సరమునఁ బ్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున, అధ్యక్షప్రచారమను రెండవ యధికరణమందు, ముద్రాధ్యక్షునకుఁ బ్రత్యేకముగా నొక ప్రకరణమే కలదు. ముద్రకు వెల యొక మాషకము. ముద్ర గలవాఁడే జనపదమును బ్రవేశించుటకుఁగాని విడుచుటకుఁగాని యర్హుఁడు. ముద్ర లేని జానపదునకు దండము 12 పణములు. కూటముద్రతోఁ బట్టువడినవాఁడు స్వదేశీయుఁడైనచోఁ బూర్వసాహసదండము, పరదేశీయుఁడైనచో నుత్తమసాహసదండము. పూర్వసాహసము 48 మొదలు 96 పణముల వఱకు, ఉత్తమసాహసము 500 మొదలు 1000 పణముల వఱకు. ఒకే నేరమునకుఁ బరదేశి స్వదేశికంటెఁ బదిరెట్ల దండమును జెల్లింపవలసి యుండెనన్న మాట.

నావధ్యక్షప్రకరణ మింకను సూక్ష్మమైనది. ముద్ర లేని దూరపుఁ బాంథుని రేవునందే పట్టుకొనవలెనని యం దున్నది. అయితే పరదేశపు వర్తకులలో మున్ను వచ్చి పోయినవారికిని, సార్థవాహులు తా మెఱుఁగుదుమని చెప్పినవారికిని బ్రవేశము గలదు. అనఁగాఁ బరదేశి లోనికి వచ్చుటకుఁ దన పూర్వచరిత్రయో, పరుల మాటయో యాధారము. నగరమునఁ గాఁపురమున్న గృహస్థుఁడు తన యింటికి వచ్చినవారిని, వెడలినవారిని నాగరకుని యధికారులకుఁ దెలుపవలెను. తెలుపనిచో నారాత్రి జరిగిన నేరమున వానికిఁ బాలు, ఏమియు జరుగకున్నను మూఁడు పణముల దండము. పాటలీపుత్రమున విదేశీయులకు బస చూపుచు, పరిచారకులచే వారి నడవడి కనిపెట్టుచు, వ్యాధిగ్రస్తులకుఁ జికిత్స చేయించుచు, మృతుల ధనమును వారి బంధువులకుఁ జేర్చుచుండిన యధికారిసంఘమునుగూర్చి మెగస్తనీసు వ్రాసినది స్ట్రాబోవలన నిలిచియున్నది. ఆతిథ్యమును నిఘాయు నొకే చేతి పనులుగా నుండుట గమనింపఁదగినది. భారతదేశమున 1939 నాఁటి విదేశీయుల నమోదుచట్టము సత్రముల యజమానులపై మోపిన భారము కౌటిల్యుఁడు మోపినదే; 2025వ సంవత్సరమున నాచట్టము తక్కిన మూఁటితోఁగూడ రద్దై క్రొత్త చట్టము వచ్చినను ఆ భారము మాత్రము తొలఁగలేదు.

ఈ వెలుఁగునఁ జూచినప్పుడు రాక్షసుని స్థితి స్పష్టమగును. అతఁడు నందుల మంత్రి, కుసుమపురవాసి. ఇప్పుడు మలయకేతుని కడ బహుకాలముగా నుంటున్న పరదేశి. భార్యాపుత్రులు శత్రునగరమున మిత్రుని యింట నున్నారు. అతని యధికారము వంశాగతము గాదు, రాజపుత్రుని యనుగ్రహము. అతఁడు ధరించిన యాభరణములును మలయకేతువు తన మేనినుండి తీసి కంచుకిచేఁ బంపినవే. ద్వితీయాంకమున రాక్షసుఁడు వానిని సిద్ధార్థకునకుఁ బారితోషికముగా నిచ్చివేయుట కేవల మౌదార్యమని మెచ్చుకొనువారు కలరు. ఔదార్యమే కాని, ఆశ్రయమిచ్చినవాని కానుకను ఆశ్రితుఁడు పరునకుఁ ద్యాగము చేయుట యెట్టి ప్రమాదమో యా మంత్రి యోజింపలేదు. స్వదేశమున నున్నప్పటి యలవాటు పరదేశమునఁ జెల్లునని నమ్ముట అతని మొదటి పొరపాటు. శకటదాసునకు ముద్రాంగుళీయకము నప్పగించి, దానితోనే రాజకార్యములు నడుపుమనుట రెండవది. పోయిన యుంగరము తిరిగి వచ్చినప్పు డది యింతవఱ కెవరి చేత నుండెనో గట్టిగా విచారింపకుండుట యట్టి నీతిజ్ఞునకుఁ దగునా యను శంకకు నాటకమునఁ దృప్తికరమైన సమాధానము లేదు. కవి యిచ్చటఁ గథకొఱకుఁ బాత్రను గొంత తగ్గించినాఁడనియే చెప్పవలెను.

ఇంకఁ బంచమాంకము. సైన్యము దూరమున నున్నంతకాలము శిబిరమునకు రాకపోకలు యథేచ్ఛముగా సాగినవి. కుసుమపురము సమీపించినకొలఁది భాగురాయణుని ముద్ర లేక యెవ్వరును గదలరాదని నియమ మేర్పడినది. దీనిని క్షపణకుఁడు సిద్ధార్థకునకుఁ దెలుపును. తాను రాక్షసుని యాప్తుఁడననియు, తన్నుఁ బట్టఁగలవాఁ డెవఁడనియుఁ బలికి సిద్ధార్థకుఁడు ముద్ర లేకయే సాగును. క్షపణకుఁడు ముద్రకై భాగురాయణుని గుడారమునకుఁ బోవును. ఒకఁడు నియమము నతిక్రమించువాఁడు, వేఱొకఁడు పాటించువాఁడు, మూఁడవవాఁడు దానిని గాపాడువాఁడు. ముగ్గురును జాణక్యుని మనుష్యులే! శత్రువు చొరకుండ నిర్మించిన కంచెకుఁ గావలివాఁడు శత్రువే యైనప్పుడు కంచె యెవరిని నిలుపును? ఆ నియమము గూఢచారులలో నొకనినైన నాపలేదు. అది చేసిన పని యొక్కటే: అనుమానమునకు నొక పీఠము వేసినది.

ముద్ర వేఁడవచ్చిన క్షపణకుని, రాక్షసుని పనిమీఁదఁ బోవుచున్నావా యని భాగురాయణుఁడు ప్రశ్నించును. ఆ ప్రశ్నయే ద్వారము. ప్రయాణకారణము చెప్పు నెపమున క్షపణకుఁడు పర్వతకుని వధను రాక్షసునిపై మోపును; చాటుననున్న మలయకేతువు వినును. అనుమతి యిచ్చువాని యెదుటఁ దన రాకపోకలకుఁ గారణము చెప్పుకొనవలసివచ్చిన ప్రతివాఁడును ఈ ఘట్టములోని యూపిరి సలుపమి నెఱుఁగును. అధికారి యడుగునది యొకటి, వ్రాసికొనునది యొకటి. పేరు చెప్పఁబడిన మూఁడవవాఁ డచ్చట లేనే లేఁడు. రాక్షసుఁడు నాటకమునందంతట నొక్కమాఱైన నా గుడారమున ముద్రకై నిలువలేదు. ఆ ముద్రచేఁ జెడినవాఁడు మాత్ర మతఁడే.

తరువాత సిద్ధార్థకుఁడు పట్టువడును, లేఖ బయలుపడును. ఇచ్చటనే కవి ప్రజ్ఞ యర్థశాస్త్రమును మించినది. కౌటిల్యుని దండనీతి కూటముద్రకు విధించినది. ఈ లేఖపైని ముద్ర కూటము గాదు, రాక్షసునిదే. అక్షరములు శకటదాసునివే. ముద్ర సత్యము, వ్రాఁత సత్యము, అర్థము మాత్ర మసత్యము. ఇట్టి లేఖను ఖండించుటకు రాక్షసునకు సాధనము లేదు. కాదన్నచోఁ దన ముద్రనే కాదనవలెను. అంతట నతని మేనఁ బర్వతకుని యాభరణములు గన్పట్టుటతో మాట పూర్తిగాఁ బడిపోవును. పత్రమునకును మనుష్యునకును వివాదము వచ్చినప్పుడు పత్రమే గెలుచు నీతిని ఇంత నిర్దాక్షిణ్యముగాఁ జూపిన రూపకము సంస్కృతమున నరుదు.

అయినను రాక్షసునకుఁ దన పక్షము చెప్పుకొన నొక క్షణమైన దొరకినది. కులూత, మలయ, కాశ్మీర, సింధు, పారసీక రాజుల కదియు లేదు. వారిపై లేఖయైన లేదు. సిద్ధార్థకుని నోటిమాటయే సాక్ష్యము. భూమిని గోరిన మువ్వురను గోఁతులఁ బూడ్పించి, గజములను గోరిన యిరువురను గజములచేతనే చంపింపు మని మలయకేతు వాజ్ఞాపించును. పరదేశమునఁ బరుని సేనలోఁ బడియున్న యైదుగురు రాజులు విచారణ లేక చచ్చిరి. కవి వారికై రెండు మాటలకంటె వెచ్చింపలేదు. చమత్కారము కరుణను మ్రింగిన తావిది, ఈ నాటకమున మన్నింపరాని లోపము. దీనికి భిన్నముగా భాగురాయణునియందుఁ గవి సూపిన దయ మెచ్చఁదగినది. తన్నుఁ బ్రేమించు రాజపుత్రుని వంచింపవలసివచ్చినందుకు నతఁ డంకారంభమున నొచ్చుకొనును. ముద్ర లిచ్చు పీఠమునఁ గూర్చున్నవానికిని మనస్సు గలదని చూపుట సామాన్యకవికి దోఁపదు.

ప్రవేశముకంటె నిర్గమమునకే ముద్ర ముఖ్యమగుట నేఁటి తెలుఁగువారి కపరిచితము గాదు. కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫు దేశములకుఁ బనికై పోయినవారు స్వగ్రామమునకుఁ దిరిగి రావలెనన్నను యజమానుని సమ్మతి కావలసిన దేశములు చిరకాల ముండెను. కతరు దేశము 2018లోఁ బెక్కుమంది కార్మికులకును, 2020లో గృహసేవకులకును ఆ నిబంధనను దొలఁగించినది. సౌదీ అరేబియా 2021 మార్చిలో నట్టి సడలింపు చేసెను గాని గృహసేవకులను దానిలోఁ జేర్పలేదు. స్కంధావారపు టంచున నిలిచి, వెలుపలి త్రోవ కన్నులఁ బడుచుండఁగా నడుగిడలేని స్థితి వీరికిఁ బుస్తకమునఁ జదివి తెలిసికొనవలసినది గాదు. తరగతిలో నీ యంకమును జెప్పునప్పుడు పండితులు ముద్రాశబ్దమున కంగుళీయక మను నర్థముతోనే నిలిచిపోకుండుట మేలు.

షష్ఠాంకమున రాక్షసుఁ డొంటిగాఁ గుసుమపురపు జీర్ణోద్యానమునఁ బ్రవేశించును. పూర్వ మాతఁడు రాజపరివారముతో వెడలునప్పుడు పౌరులు వ్రేళ్లతోఁ జూపుకొనిన నగరమది. ఇప్పుడు దొంగవలె నడుగిడుచున్నాఁడు. పట్టుకొనువాఁ డెవఁడును లేఁడు, ముద్ర యడుగువాఁడును లేఁడు. చాణక్యుఁడు ద్వారము తెఱచియే యుంచినాఁడు.